పెట్టెలో ఎవరి చెయ్యి

ఎదురుగా ఉంటే అక్కా అంటారు, అటు తిరిగితే భూతద్దం అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఒకసారి పక్క బల్ల అతను నోరు జారి ముఖం మీదే అనేసి నాలుక కరుచుకున్నాడు. "తప్పేముంది, అద్దం ఉన్నదే చూపిస్తుంది గానీ లేనిది పుట్టించదు కదా" అని ఆమె మళ్ళీ తన పనిలో పడింది.

అనుమానం ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగంతో వచ్చింది. మొదట్లో ఇదే ఆఫీసులో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తేది. ఇంటర్నెట్ రావడం లేదని ఎవరైనా ఫోన్ చేస్తే, పెట్టె మీద పచ్చ దీపం వెలుగుతోందా అని అడగాలి. వెలుగుతోందని వెంటనే చెప్పేసేవాళ్ళు. మనిషిని పంపితే అక్కడ పెట్టెకు కరెంటు వైరే ఉండేది కాదు. లేచి చూసే ఓపిక లేక చూశామని చెప్పే జనాన్ని కొన్నేళ్ళు విన్నాక, ఆమెకు మాట మీద గురి తప్పి వస్తువు మీద గురి కుదిరింది. పాడై తిరిగొచ్చిన పెట్టెల్ని భోజనాల వేళ విప్పి చూసేది. లోపలి కమాండ్లు ఒక్కొక్కటే కొట్టి, ఏది ఏం జవాబిస్తుందో కనిపెట్టేది. చదువు మధ్యలో ఆగినా చెయ్యి ఆగలేదు. ఫోన్ల గదిలోంచి పాడైన పెట్టెల గదికి, అక్కణ్ణుంచి కోడ్ రాసేవాళ్ళ గదికి మారింది. ఎవరూ పిలిచి కూర్చోబెట్టలేదు, ఆమే కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఇంట్లోనూ అంతే. కుట్టుమిషన్లు బాగుచేసే భర్త నవ్వుతూ చెబుతుంటాడు, "మా ఆవిడ పాలు పొంగి పొయ్యి మీద పడ్డాక కూడా స్టవ్ వెలిగించానా లేదా అని వంగి చూస్తుంది." పక్కన కూర్చున్న మరిది అందుకుంటాడు. "చూసి ఊరుకుంటుందా అన్నయ్యా, అవి పాలేనా అని నిన్ను అడుగుతుంది." మరిదికి పెళ్ళి కాలేదు, వాళ్ళతోనే ఉంటాడు. మనిషి సరదా. ఫోన్ ఎత్తితే హలో అనడు, "బతికే ఉన్నావా?" అంటాడు. అప్పులవాడికైనా, ఆఫీసు పెద్దాయనకైనా అదే పలకరింపు. అతను కూడా ఆ ఆఫీసులోనే, ఊరంతా తిరిగి పెట్టెలు బిగించే పనిలో ఉన్నాడు. ఆ పని వదిన చెప్పబట్టే వచ్చింది.

ఆ పెట్టెలు మామూలు ఇంటర్నెట్ పెట్టెలు కావు. ఆసుపత్రులకి, రక్తపరీక్షల ల్యాబులకి, మందులు చల్లగా దాచే గిడ్డంగులకి ఇస్తారు. ఒక్కోదానికి రెండు లైన్లు ఉంటాయి. నేల కింద వచ్చే కేబుల్ ఒకటి, సిమ్ కార్డుతో నడిచేది ఒకటి. కేబుల్ తెగితే పెట్టె తనంతట తనే సిమ్ దారికి మళ్ళాలి. ఆఫీసుకి కూడు పెడుతున్నది ఆ ఒక్క మలుపే. ఆ మలుపు తిప్పే ప్రోగ్రాం భూతద్దం చేతిలో ఉంది.

ప్రోగ్రాంలో ఒక ముక్క మాత్రం ఆమెది కాదు. పెట్టె గుండెకాయతో, అంటే దాన్ని లోపల నడిపే అసలు ప్రోగ్రాంతో మాట్లాడి, ఇకమీదట అటు కాదు ఇటు అని చెప్పే పనికి ఒక లైబ్రరీ వాడేవారు. ఎవరో ఎక్కడో రాసి, కావలసినవాళ్ళు వాడుకోండని పెట్టిన కోడ్ అది. ఏళ్ళుగా నడుస్తోంది. దాన్ని మొదట తెచ్చి పెట్టినది పక్క బల్ల అతనే. దేనికైనా సరేలే అంటాడు కాబట్టి అతని పేరు సరేలే.

ఒకరోజు ఆ లైబ్రరీకి కొత్త కూర్పు వచ్చింది. కింద సంతకం మారింది. పాతాయన పేరు లేదు, ఎన్నడూ వినని పేరు ఉంది. ఏం మార్చారని చూస్తే "చిన్నచిన్న సవరణలు" అని ఒకే మాట. లోపల చూస్తే సగం ఫైళ్ళు మారి ఉన్నాయి.

"సగం ఇల్లు పడగొట్టి కట్టినవాడు సున్నం వేశానని చెబుతున్నాడు. ఎందుకు?" అంది ఆమె.

"ఏదో బద్ధకం అక్కా. రాయడానికి విసుగేసి ఉంటుంది, సరేలే."

"సగం ఫైళ్ళు మార్చేటప్పుడు వెయ్యని విసుగు ఒక్క వాక్యం రాయడానికి వేసిందా?"

కూర్చుని చదివింది. చెడ్డది ఏదీ దొరకలేదు, కానీ సగం దాకా ఆమెకు అర్థమే కాలేదు. అసలు భయం అక్కడ మొదలైంది. మనకు కావలసింది దారి మార్చే పని ఒక్కటే. ఇందులో నూరు పనులున్నాయి. మిగతా తొంభైతొమ్మిదీ మన పెట్టెలో ఊరికే ఎందుకు కూర్చున్నాయి? చీపురు అడిగితే పనిమనిషితోపాటు ఆమె చుట్టాలందరినీ ఇంట్లో దించినట్టుంది.

పెద్దాయన దగ్గరికి వెళ్ళి తీసేద్దామంది. "దారి మార్చే కమాండ్ పెట్టెలోనే ఉంది సార్. పెట్టెతోపాటు పుట్టింది. మన ప్రోగ్రాం దాన్ని పిలిస్తే చాలు. లైబ్రరీ అక్కర్లేదు. రేపు అనుమానమొస్తే అదే కమాండ్ చేత్తో కొట్టి చూసుకోవచ్చు."

సరేలే ఆరోజు మాత్రం సరేలే అనలేదు. "లైబ్రరీ అయితే నేరుగా గుండెకాయతో మాట్లాడుతుంది అక్కా. కమాండ్‌ని పిలవడమంటే మధ్యలో ఇంకొకడికి పని అప్పజెప్పడం. పిలిస్తే పలికేవాడు ఎవడో కూడా చూసుకోవాలి కదా."

"అది పెట్టె సొంత కమాండయ్యా. దాన్నే అనుమానిస్తే ఇంక పెట్టెనే అనుమానించాలి."

"నువ్వేనా ఈ మాట అంటున్నది?" అని అతను నవ్వాడు.

పెద్దాయన ఇద్దరినీ చూశాడు. ఆయన పాతకాలం వైరింగు మనిషి. చేత్తో పట్టుకుని చూడగలిగే వస్తువంటే ఇష్టం. "కమాండే మేలు. నీ మాట మీద చేస్తున్నానమ్మా" అన్నాడు.

ఆమె పని శ్రద్ధగానే చేసింది. కమాండ్ తప్పు అంటే ఏం చెయ్యాలి, జవాబు రాకుండా ఉండిపోతే ఏం చెయ్యాలి, చెప్పిన దారి నిజంగా పడిందా లేదా మళ్ళీ అడిగి ఎలా చూసుకోవాలి, అన్నీ రాసింది. సరేలే అంతా చదివి బాగుందన్నాడు. ఆఫీసులో బల్ల మీది పెట్టెల్లో వేసి, కేబుళ్ళు పీకి పీకి చూసింది. పీకిన ప్రతిసారీ పెట్టె బుద్ధిగా సిమ్ దారికి మళ్ళింది. లైబ్రరీ ఫైళ్ళు చెరిపేసిన రోజు, ఇంట్లోంచి పాత సామాను బయటపడేసినంత తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

ఆమె ప్రోగ్రాం కొత్త కూర్పు కొన్ని పెట్టెలకు వెళ్ళింది. వాటిలో మందుల గిడ్డంగి ఒకటి. అక్కడ రోడ్డు తవ్వేవాళ్ళ యంత్రం కేబుల్‌ని తెంపింది. పెట్టె సిమ్ దారికి మళ్ళింది. హమ్మయ్య అనుకునేలోపే తిరిగి తెగిన కేబుల్ దారికే వచ్చేసింది. కాసేపటికి మళ్ళీ సిమ్‌కి వెళ్ళింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. ఉయ్యాల ఊగినట్టు ఊగుతూనే ఉంది. చల్లటి గది వేడెక్కితే గిడ్డంగి మేనేజరుకి హెచ్చరిక వెళ్ళేది ఆ పెట్టె గుండానే. ఆ పూట గది వేడెక్కలేదు కాబట్టి సరిపోయింది.

గిడ్డంగి మేనేజరు ఫోన్లో అరిచాడు. "మీ పెట్టెకి దయ్యం పట్టిందా? వెళ్ళిన దారినే వెనక్కొస్తోంది!"

పెద్దాయన ఆ పెట్టెలన్నిటికీ పాత కూర్పు తిరిగి ఎక్కించమన్నాడు. లైబ్రరీ మళ్ళీ లోపలికి వచ్చి కూర్చుంది. పెట్టెలు మళ్ళీ బుద్ధిగా మళ్ళాయి. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

ముందు తన కోడ్‌నే అనుమానించింది. ప్రోగ్రాం తను చేసినవన్నీ రాసుకున్న లాగ్ చదివింది. ఆమె ప్రోగ్రాం చెప్పింది ఒకటే మాట, సిమ్ దారికి వెళ్ళమని. వెనక్కి రమ్మని ఎక్కడా చెప్పలేదు. కమాండ్ కూడా సరేనంది, దారి మారింది కూడా. ఆ తర్వాత ఎవరో మార్చారు. ఎవరు? బల్ల మీది పెట్టెలో ఎంత పీకినా ఆ జబ్బు రాదు. బయటి పెట్టెలోనే వస్తోంది. ఆఫీసులో పతివ్రతలా ఉండి బయటికెళ్ళగానే వేషాలేసే పెట్టెను ఆమె ఎన్నడూ చూడలేదు.

లైబ్రరీ మీదకు మళ్ళింది అనుమానం. తీసేశాననుకున్నది పూర్తిగా పోలేదేమో, కొత్త పేరువాడు ఏ మూలో ఏదో వదిలాడేమో అని తన కొత్త కూర్పు మూలమూలలా వెతికింది. ఏమీ లేదు. అప్పుడు ఆమె మనసు ఇంకో వైపు తిరిగింది. ఈ మార్పు వద్దన్నది ఎవరు? పాత లైబ్రరీని తెచ్చినది ఎవరు? అది తిరిగి వస్తే మాట నెగ్గేది ఎవరికి? గిడ్డంగి పెట్టెలోకి ఆ వారం ఎవరెవరు లాగిన్ అయ్యారో చూడటం మొదలుపెట్టింది.

భుజం వెనక దగ్గు వినిపించింది.

"ఎవరి పేరు కోసం అక్కా వెతుకుతున్నావు?" సరేలే టీ గ్లాసుతో నిలబడి ఉన్నాడు.

"ఊరికే."

"ఊరికే అయితే నా పేరు మీద వేలు ఎందుకు ఆగింది?"

ఆమె వేలు తీయలేదు. అబద్ధమాడటం కూడా చేతకాలేదు. "ఆ పూట నువ్వు లాగిన్ అయ్యావు."

"పాత కూర్పు ఎక్కించింది నేనే కదా! పెద్దాయన చెబితే ఎక్కించాను. అప్పటికి నీ ఉయ్యాల ఊగి ఊగి అలిసిపోయింది." గ్లాసు ఆమె బల్ల మీద పెట్టేశాడు. "నిన్ను కాదన్నాను కాబట్టి నీ పని చెడగొడతానా? అదే చెయ్యాలనుకుంటే అంత కష్టం దేనికి, నీ కోడ్ చదివి బాగుందని చెప్పకుండా ఊరుకునేవాణ్ణి. బాగుంది కాబట్టి బాగుందన్నాను."

ఆమె ముఖం మాడిపోయింది. అతను వెళ్ళిపోతూ వెనక్కి తిరిగాడు. "వెనక్కి వచ్చే గ్యాప్ ఎప్పుడూ ఒకలాగే ఉంది చూశావా? కోపమున్నవాడు అంత పద్ధతిగా చెయ్యడక్కా."

ఆ మాట దగ్గర ఆమె ఆగింది. నిజమే. మనిషి చేసేదైతే ఒకసారి ముందు, ఒకసారి వెనక చేస్తాడు. ఇది వంటగదిలో టైమర్ పెట్టినట్టుంది. దారి మారిన కాస్సేపటికి, ప్రతిసారీ అంతే సేపటికి, వెనక్కి. పెట్టెలోనే ఏదో కూర్చుని లెక్క పెడుతోంది.

గిడ్డంగి పెట్టెలోకి వెళ్ళి, దారి మార్చే కమాండ్ ఎక్కడుందని పెట్టెనే అడిగింది. రోజూ పిలిచే మనిషిని ఇల్లెక్కడని ఎవరు అడుగుతారు? ఆమె కూడా ఇన్నాళ్ళూ అడగలేదు. పెట్టె రెండు చోట్లు చూపించింది. ఒకటి పెట్టెతోపాటు పుట్టిన అసలు కమాండ్. రెండోది దాని కంటే ముందు వరసలో ఉన్న ఒక చిన్న ఫైలు. పేరు మాత్రం అచ్చంగా అదే. ఆ పేరుతో పిలిస్తే ముందు పలికేది ఆ చిన్న ఫైలే.

దాన్ని తెరిచింది.

ఇంకొకళ్ళ ఇంట్లో దొంగ వదిలిన సంచీ విప్పుతున్నట్టు భయపడుతూ తెరిచింది గానీ, లోపల ఉన్నది దొంగ సామాను కాదు. చేతకానివాడి పని అంతకన్నా కాదు. కురచగా, శుభ్రంగా ఉంది. దారి మార్చమని అడిగితే, ముందు పాత దారిని గుర్తు పెట్టుకుంటుంది. అసలు కమాండ్‌ని పిలిచి దారి మారుస్తుంది. తర్వాత తెర మీద ఒక ప్రశ్న వేసి కాసేపు ఆగుతుంది. మనిషి జవాబిస్తే కొత్త దారిని ఉంచుతుంది. ఇవ్వకపోతే, దారి మార్చినవాడు తన కాలి కింది కొమ్మ తానే నరుక్కుని పడిపోయాడని అనుకుని, పాత దారికి తిప్పేస్తుంది.

ఆమెకు మొత్తం బోధపడింది. దూరం నుంచి పెట్టెలోకి వెళ్ళి దారి మార్చేటప్పుడు ఒక్క అక్షరం తప్పు కొడితే, తాను వచ్చిన దారే తెగిపోతుంది. ఇక ఆ భవనానికి స్వయంగా వెళ్ళి, పైఅంతస్తులో తాళం తీయించి, చేత్తో సరిచెయ్యాలి. తిరిగే మనుషులకు అంతకు మించిన నరకం లేదు. అందుకని ఎవరో ఈ కాపలా పెట్టుకున్నారు. లైబ్రరీ ఉన్నన్నాళ్ళూ ప్రోగ్రాం నేరుగా గుండెకాయతోనే మాట్లాడేది, ఈ కాపలా దారిలోకే రాలేదు. ఇప్పుడు తను కమాండ్‌ని పిలిచింది. కాపలా పలికింది, పని చేసింది, మనిషి జవాబు కోసం చూసింది. ప్రోగ్రాం ఎక్కడి నుంచి జవాబిస్తుంది? ఆఫీసు పెట్టెల దగ్గరికి ఎవరూ మెట్లెక్కి రానక్కర్లేదు కాబట్టి వాటిలో ఈ ఫైలు లేదు.

ఇక ఆ ప్రశ్న. తెర మీద అది వేసే ప్రశ్న చూసి ఆమె కుర్చీలో వెనక్కి వాలింది.

"బతికే ఉన్నావా?"

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టుకున్నాక ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు.

మందు మాత్రం చాలా చిన్నది. కమాండ్‌ని పొట్టి పేరుతో పిలవకుండా, దాని పూర్తి చిరునామాతో పిలిస్తే చాలు, నేరుగా అసలుదే పలుకుతుంది. కోడ్‌లో ఒక్క వరస మార్చింది. ఆ చిన్న ఫైలును బల్ల మీది పెట్టెలోనూ వేసి, కేబుల్ పీకి చూసింది. పెట్టె సిమ్ దారికి వెళ్ళి అక్కడే నిలబడింది. అంతే, పని అయిపోయింది. పెద్దాయనకు చిన్న పొరపాటు దిద్దానని చెబితే సరిపోతుంది. ఆ ఫైలు గురించి ఎవరికీ తెలియదు. పెట్టెలో ఆఫీసు ఇచ్చింది తప్ప ఇంకేదైనా పెడితే ఆరోజే ఇంటికి పంపిస్తామని పెట్టెలు బిగించే ప్రతివాడి దగ్గరా సంతకం తీసుకున్నారు. మరిది కూడా పెట్టాడు ఆ సంతకం, ఆమె పక్కనే నిలబడి.

చెబితే మరిది పని పోతుంది, ఇల్లు రెండు ముక్కలవుతుంది. చెప్పకపోతే? తెలియని పరాయివాడెవడో కోడ్ మార్చాడని తను లైబ్రరీనే పీకి పారేసింది. తెలియని ఫైలు ఊళ్ళోని ఆసుపత్రుల పెట్టెల్లో కూర్చుని ఉంటే, అది మనవాడిదని నోరు మూసుకోవాలా? రేపు ఇంకెవరి ప్రోగ్రామో దానికి తగిలి ఇంకో గిడ్డంగి ఊగితే?

మధ్యాహ్నం మరిది ఎక్కడున్నాడో కనుక్కుని వెళ్ళింది. కళ్ళద్దాల దుకాణమున్న భవనం పైన, ల్యాబు పక్క మీటర్ల గదిలో పెట్టె విప్పుకుని కూర్చున్నాడు. చుట్టూ వైరు ముక్కలు, దుమ్ము. ఆమెను చూసి స్క్రూడ్రైవర్ నోట్లోంచి తీశాడు.

"వదినా! దారి తప్పావా?"

"పెట్టెల్లో నువ్వేమైనా పెట్టావా?"

"నేనా? నేనేం పెడతాను? నా ఫైళ్ళేవీ లేవు అందులో."

"ఫైలని నేను అనలేదే."

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది. అతను తల గోక్కున్నాడు, నవ్వబోయాడు, ఆమె ముఖం చూసి మానేశాడు.

"ఎట్లా దొరికింది?"

"బతికే ఉన్నావా అని అడిగింది. ఉన్నానని చెప్పాను."

ఈసారి నిజంగానే నవ్వాడు. "పోనీలే, నీకైనా మర్యాద చేసింది." వెంటనే గొంతు తగ్గించాడు. "అయితే గిడ్డంగిది దానివల్లేనా?"

"దానివల్లే. నా ప్రోగ్రాం ఇప్పుడు కమాండ్‌ని పిలుస్తోంది. నీ కాపలా అడ్డు పడింది."

అతను పెట్టె మూత పక్కన పెట్టాడు. "నాకు తెలియదు వదినా. నువ్వు మార్చావని మాకెవరూ చెప్పలేదు. ఆ ఫైలు అన్నిట్లోనూ ఉంది. నేను రాసుకున్నాను, మిగతావాళ్ళు చూసి వేసుకున్నారు. నీకు తెలుసు కదా, ఒక్క అక్షరానికి..."

"తెలుసు. బాగా రాశావు. నాకైతే పాత దారిని ముందే గుర్తుపెట్టుకోవడం తోచేది కాదు."

ఆ మెప్పుకి అతని ముఖం వెలిగింది, వెలిగినంత తొందరగానే ఆరిపోయింది. "నా దగ్గరికి నేరుగా వచ్చావా? లేక అందర్నీ అనుమానించాక వచ్చావా?"

"అందర్నీ అనుమానించాను."

"ఆ అందర్లో నేనూ ఉన్నానా?"

ఆమె జవాబు వెతుక్కునేలోపే అతను చెయ్యి ఊపాడు. "చెప్పకులే. ఫైలు కనబడగానే వీడు ఇంకేమేం పెట్టాడో అని పెట్టెంతా వెతికావు. అవునా?"

వెతికింది. తల ఊపింది.

"దొరికిందా?"

"లేదు."

"సంతోషం." స్క్రూలు ఏరుకుంటూ అన్నాడు, "అయితే నీ వరస నువ్వు దిద్దుకో, నా ఫైలు జోలికి రాకు. అది ఎవరికీ అడ్డం కాదు. అది లేకపోతే ఊరంతా మెట్లు ఎక్కలేక చస్తాం. నువ్వు నోరు విప్పితే నన్ను పంపించేస్తారు."

"ఆ లైబ్రరీని ఎందుకు పీకానో తెలుసా? లోపల ఎవరి చెయ్యి ఉందో తెలియక."

"వాడు ఎవడో. నేను నీ మరిదిని."

"అందుకే భయం. వాణ్ణి చదివాను. నిన్ను చదవకుండానే నమ్మేశాను."

అతనికి కోపం వచ్చింది. "నమ్మితే తప్పా వదినా? ఇంట్లో కూడా కాగితం చూపించి అన్నం తినాలా?"

"ఇంట్లో వద్దు. ఆసుపత్రి పెట్టెలో కావాలి." ఆమె గోడకి ఆనుకుని నిలబడింది. "నీ వెనకాల చెప్పను. రేపు పొద్దున పెద్దాయనతో మాట్లాడతాను, నువ్వు కూడా ఉండు. ముందు నా తప్పే చెబుతాను. ఇంకో విషయం. నువ్వు రాకపోయినా చెబుతాను. అది ముందే నీకు తెలియాలని వచ్చాను."

అతను మూత బిగించడం మొదలుపెట్టాడు. ఆమె వెళ్ళేదాకా తల ఎత్తలేదు.

మర్నాడు పెద్దాయన గదిలో సరేలే ఉన్నాడు, ఆమె ఉంది. కుర్చీ ఒకటి ఖాళీ. ఆమె మాట మొదలుపెట్టాక తలుపు తోసుకుని మరిది వచ్చాడు. కూర్చోలేదు, గోడ పక్కన నిలబడ్డాడు.

ఆమె తన తప్పు ముందు చెప్పింది. "కమాండ్‌ని పొట్టి పేరుతో పిలిచాను సార్. ఎవరు పలుకుతున్నారో చూసుకోలేదు. ఇతను హెచ్చరించాడు కూడా, నేను వినలేదు. పైగా ఇతన్నే అనుమానించాను." సరేలే కిటికీ వైపు చూశాడు. ఆమె ఫైలు గురించి చెప్పడానికి నోరు తెరిచేలోపు గోడ దగ్గర నుంచి మాట వచ్చింది.

"ఆ పలికింది నాది సార్. నేను రాసి పెట్టాను. వేరేవాళ్ళు వేసుకున్నారు, వాళ్ళను నేనే వేసుకోమన్నాను."

పెద్దాయన కళ్ళజోడు తీశాడు. అరవలేదు. అరిచి ఉంటే అందరికీ బాగుండేది. "సంతకం పెట్టావు కదయ్యా."

"పెట్టాను సార్."

"గిడ్డంగివాడు మనల్ని కోర్టుకీడిస్తే ఏం చెప్పను? మా పెట్టెల్లో ఏముందో మాకే తెలియదని చెప్పనా?"

సరేలే గొంతు సవరించుకున్నాడు. "సార్, ఒక్క మాట. ఈ కాపలా లేకపోతే ఈపాటికి మనవాళ్ళు సగం పెట్టెల్ని దూరం నుంచే చంపుకునేవాళ్ళు. ఇది మనమే రాసి ఇవ్వాల్సింది. మనం ఇవ్వలేదు, వాళ్ళు రాసుకున్నారు."

"అడిగితే ఇచ్చేవాళ్ళం కదా!"

మరిది మొదటిసారి సూటిగా చూశాడు. "అడిగాం సార్. తర్వాత చూద్దామన్నారు."

పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు. చివరికి తీర్పు చెప్పాడు. పని పోదు. కానీ పెట్టెల పాస్‌వర్డులు, ఆఫీసు తాళం ఈరోజే తిరిగి ఇచ్చెయ్యాలి. ఇకనుంచి కేబుల్ లాగడమే, పెట్టె లోపలికి వెళ్ళడానికి లేదు. ఆ ఫైలును సరేలే అన్ని పెట్టెల్లోంచీ తీసేస్తాడు. అలాంటిదే ఒకటి, వేరే పేరుతో, ఆఫీసు కూర్పులో భాగంగా ఆమె రాయాలి. రాసింది నలుగురూ చదివాకే బయటికెళ్ళాలి.

"ఆ నలుగురిలో అతనూ ఉండాలి సార్" అంది ఆమె.

"పాస్‌వర్డు లేనివాడు చదివి ఏం చేస్తాడు?"

"చదవడానికి పాస్‌వర్డు అక్కర్లేదు."

పెద్దాయన సరేనన్నాడో, విసుక్కున్నాడో తెలియలేదు. చెయ్యి ఊపి పంపించేశాడు.

బయట వరండాలో మరిది జేబులోంచి తాళాల గుత్తి తీసి, ఆఫీసు తాళం విడిగా తిప్పి తీస్తున్నాడు. ఎంతకీ రావడం లేదు. ఆమె సాయం చెయ్యబోయి ఆగింది.

"కేబుల్ లాగడం అంటే మొదట చేరినప్పటి పని" అన్నాడు అతను. "మళ్ళీ అక్కడికే వచ్చాను."

"నా మీద కోపం తెచ్చుకో. నాకు పరవాలేదు."

"తెచ్చుకుంటాను. తొందరేముంది, ఒకే ఇంట్లో ఉంటాం కదా." తాళం ఊడి చేతిలోకి వచ్చింది. "అన్నయ్యకి నేనే చెబుతాను. నువ్వు చెబితే నీ వైపు నుంచి ఉంటుంది."

"నీ వైపు నుంచి ఎలా ఉంటుంది?"

"అది నీకెందుకు?" అని మెట్లు దిగిపోయాడు.

సాయంత్రం అన్నదమ్ములిద్దరూ ముందుగదిలో కూర్చున్నారు. ఆమె వంటింట్లో గిన్నెలు తోముతోంది. మధ్యలో తలుపు దగ్గరగా వేసి ఉంది, గడియ లేదు. మరిది గొంతు వినిపిస్తోంది గానీ మాటలు తెలియడం లేదు. ఒకచోట భర్త "ఎవరూ, మీ వదినేనా?" అనడం మాత్రం స్పష్టంగా వినబడింది. తర్వాత గొంతులు తగ్గాయి. ఎలా చెబుతున్నాడో, ఎక్కడ మొదలుపెట్టాడో, తనను ఏమంటున్నాడో. కుళాయి కట్టేస్తే ప్రతి అక్షరం వినబడుతుంది. ఆమె చెయ్యి కుళాయి మీదకు వెళ్ళింది కూడా.

ధార ఇంకొంచెం పెద్దది చేసింది. తోమేసిన గిన్నెనే మళ్ళీ తీసుకుని తోమసాగింది.